పెండ్లి గుర్రానికి చాటెడు మక్కలు

పశువైద్యంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. టీ తాగుతూ ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు: “సార్, మీ సర్వీసులో అన్నిటికంటే కష్టమైన కేసు ఏది?” ఏ బర్రె కడుపులోనో అడ్డం తిరిగిన దూడ గురించి చెబుతానని వాళ్ళ అంచనా. నేను రాణి అనే తెల్ల గుర్రం గురించి చెబుతాను. దానికి పెద్ద జబ్బేమీ లేదు. అది జబ్బు పడకుండా ఒక ముసురు చలికాలం దాటించడమే నా పని. ఆ పని చెడితే పోయేది గుర్రం ఒక్కటే కాదు. ఒక ఆడమనిషిని వాడకట్టంతా కలిసి మంత్రగత్తెను చేసేది.

ప్రమోషన్లు, బదిలీలు, రిపోర్టులు వదిలేస్తున్నాను. అవి నా పెన్షన్ ఫైల్లో ఉన్నాయి, అక్కడే ఉండనివ్వండి. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు ఆ ఒక్క చలికాలం చెప్తే చాలు.

వాన ఆగలేదు, సెలవు ఆగదు

నా మొదటి పోస్టింగు సిరిసిల్ల. సాంచాల చప్పుడుకు అలవాటు పడితే తప్ప నిద్ర పట్టని ఊరు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. నేను చూస్తుండగానే ఆ సాంచాలు ఒక్కొక్కటే ఆగాయి. సాంచ ఆగిన ఇంటివాళ్ళు మూటలు కట్టుకుని భీవండి బస్సెక్కారు. పోలేనివాళ్ళు ఏమయ్యారో రాయడానికి ఇది చోటు కాదు. లింబాద్రి అనే నేతపనివాడు మాత్రం బస్సూ ఎక్కలేదు, దిగులూ పడలేదు. సాంచాలను తుక్కు కింద అమ్మేసి మూడు గుర్రాలు కొన్నాడు.

“ఏం లింబాద్రీ, పోగులు అతికే చేతులకు కళ్ళేలు పట్టుడు ఎట్లొస్తది?” అన్నాను.

“సారూ, బట్ట కొంటె కొంటరు, లేకుంటె లేదు. పెండ్లి ఆగుతదా? దుబాయికెళ్లి అచ్చిన పిలగాడు గుర్రమెక్కి ఊరేగకుంటె ఆడు దుబాయి పోయినట్టు ఊరికెట్ల తెలుస్తది?”

ఇంత సూటిగా ఆలోచించిన ఆర్థికవేత్తను నేను తర్వాత చూడలేదు. భార్య భూలక్ష్మి పుట్టిల్లు కోరుట్ల కాబట్టి గుర్రాలతో సహా అక్కడికి మకాం మార్చాడు. కొన్నేళ్ళకు నాకూ కోరుట్ల బదిలీ అయింది. పాత స్నేహం మళ్ళీ కలిసింది.

అప్పటికి ఆ చుట్టుపక్కల, ముఖ్యంగా ఇబ్రహీంపట్నం వైపు, గల్ఫ్‌లో ఒక మనిషి లేని గల్లీ లేదు. చలికాలంలో సెలవు మీద వచ్చేవారు. వచ్చిన వారంలో పిల్లను చూడటం, ఆ పై వారంలో పెండ్లి, పసుపు ఆరకముందే మళ్ళీ విమానం. ఆ ఏడు వాన మాత్రం తన సెలవు మరిచిపోయింది. దసరా అయింది, దీపావళి అయింది, తుఫాను వెనక తుఫాను. కోసిన మక్క కంకులు, అంటే మొక్కజొన్న కంకులు, కళ్ళాల్లోనే నల్లబడ్డాయి. పసుపు చేన్లలో నీళ్ళు నిలిచాయి. మార్గశిరం వచ్చినా మబ్బు విడవలేదు, పెండ్లిళ్ళూ ఆగలేదు. ముహూర్తాలు బూటకమని నేను ఎన్ని హేతువాద సభల్లో గొంతు చించుకున్నా ఒక్క పంతులూ తిథి మార్చలేదు. కంపెనీ ఇచ్చిన సెలవు కాగితం చూపించగానే అదే పంతులు శుక్రవారానికి లేని బలాన్ని బుధవారానికి తెచ్చిపెట్టడం నా కళ్ళతో చూశాను.

కాబట్టి లింబాద్రి గుర్రాలకు తీరిక లేదు. మగ గుర్రం బాద్‌షా, ఆడ గుర్రాలు మోతీ, రాణి. మూడింటిలో బాద్‌షాకే గిరాకీ ఎక్కువ. రాణికి గిట్టల కింద కుళ్ళు పట్టి కుంటుతుండటంతో అది ఇంటి దగ్గరే ఉండిపోయింది. ఇల్లంటే ఒకప్పటి బీడీ ఆకుల గోదాం. మందపాటి గోడలు, ఒకే తలుపు.

ఆ వాడల్లో పెండ్లి గుర్రానికి ఒక మర్యాద ఉంది. ఊరేగింపు ఆడపిల్లవాళ్ళ వాకిట్లో ఆగగానే, పెండ్లికొడుకు దిగకముందే, గుర్రం ముందు చాటెడు మక్కలు పెడతారు. గుర్రం మూతి పెడితే శుభం. మిగతావాటికి ఇంకొన్ని కలిపి సంచిలో పోసి లింబాద్రికి ఇస్తారు. వాటిని పెండ్లి మక్కలంటారు. ఈ మర్యాద గుర్తుంచుకోండి.

గోడకు తల పెట్టిన బాద్‌షా

ఒక పొద్దున భూలక్ష్మి తడిసిన కొంగుతో ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చింది.

“సారూ, జల్ది రాండ్రి. బాద్‌షాకు గాలి సోకింది. గోడకు తలకాయ పెట్టి నూకుతుంది, గోడను పడగొడ్తదో ఏమో.”

వెళ్ళి చూస్తే నిజంగానే గోడకు నుదురు ఆనించి, నాలుగు కాళ్ళూ బిగబట్టి తోస్తోంది. వెనక్కి లాగితే ఒకే వైపు గుండ్రంగా తిరుగుతోంది. ఒక కంటికి చూపు లేదు. కింది పెదవి వేలాడుతోంది. జ్వరం మాత్రం లేదు. పిచ్చికుక్క కరిచిందేమోనన్నది నా మొదటి అనుమానం. అందర్నీ దూరం జరగమన్నాను.

బ్యాండ్ మాస్టర్ నర్సయ్య మాత్రం జరగలేదు. కోరుట్లలో గుర్రమున్న ప్రతి పెండ్లికీ ఆయన బ్యాండే. చంకలో క్లారినెట్ పెట్టుకుని తీర్పు చెప్పేశాడు.

“కుక్క లేదు నక్క లేదు సారూ. రాజవ్వ ఎదురచ్చింది. మొన్న ఊరేగింపుల సూడలేదా, గుర్రం కండ్లల్ల కండ్లు పెట్టి సూసింది. బాణామతి.”

రాజవ్వ గౌండ్ల ఇంటి మనిషి. ఆమె భర్త తాటిచెట్లు ఎక్కి కల్లు గీసేవాడు. ఆ పని తిండి పెట్టక మస్కట్ పోయాడు, అక్కడ కట్టడం మీద నుంచి పడి చనిపోయాడు. తాటిచెట్టు మీద నుంచి ఏనాడూ పడని మనిషి. అప్పటి నుంచి ఆమె గోదాముకు నాలుగిళ్ళ అవతల, వాకిట్లో బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. కోరుట్లలో ఏ ఊరేగింపయినా ఆ దారినే పోవాలి. అంటే ఆమె ఎవరికీ ఎదురు రావడం లేదు, పెండ్లిళ్ళే ఆమెకు ఎదురు వస్తున్నాయి. ఈ మాట నేను అంటే నర్సయ్య నన్ను జాలిగా చూశాడు. చదువు ఎక్కువైతే ఇట్లాగే అవుతుందన్నట్టు.

భర్త పోయిన ఆడదాని నీడ పడితే పెండ్లి చెడుతుందన్న నీతి కంటే నీచమైనది మన సమాజంలో మరొకటి ఉందని నేను అనుకోను. ఆమె భర్త పంపిన డబ్బుతో బ్యాండు పెట్టించుకుని పెండ్లి చేసుకున్న తమ్ముళ్ళు, మరుదులు ఉన్నారు. అప్పుడు ఆ డబ్బు శుభం. అతను పోగానే అతని భార్య అశుభం. ఇందులో తర్కం ఎక్కడుందో ఎవరైనా చూపిస్తే నా పాత ఉపన్యాసాలన్నీ వెనక్కి తీసుకుంటాను.

బాద్‌షా బతకలేదు. గుంపులో వెనక ఎవరో అన్నాడు: “నోట్లె పండ్లుంటేనే గదా మంత్రం జదివేది. పండ్లు రాలగొడ్తె సరి.”

ఎవరూ కాదనలేదు. మంత్రగత్తెలని పేరు పెట్టి పళ్ళు ఊడగొట్టిన ఊళ్ళున్న మా జిల్లాలో అది ఉత్త మాట కాదని అందరికీ తెలుసు. నేను రాజవ్వ ఇంటి వైపు చూశాను. ఆమె చాట మీదికి తల వంచుకుని బీడీ చుడుతున్నట్టే ఉంది. కానీ వేళ్ళు ఆగిపోయాయి.

రెండు కారణాలు

చేతులకు తొడుగులు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని బాద్‌షా తల తెరిచాను. పిచ్చికుక్క అనుమానం తీరడానికి ఒక ముక్క పరీక్షకు పంపాను. లేదని తర్వాత జవాబు వచ్చింది. కానీ నాకు జవాబు అక్కడే దొరికింది. మెదడు ఒక పక్క లోపల పుచ్చిన గుమ్మడికాయలా కరిగి నీరుకారుతోంది. కాలేజీలో ఒక పేజీ చదివి, పరీక్ష రాసి, మరిచిపోయిన విషయం: బూజు పట్టిన మక్కల విషం. ఆ మక్కలే ఆవు తింటే అరిగించుకోవచ్చు. గుర్రం రోజూ తింటే దాని మెదడు కరుగుతుంది.

లింబాద్రిని అడిగితే తలకొట్టుకున్నాడు. “నేను బూజు మక్కలు పెడ్తనా సారూ? పిల్లల్లెక్క సాదుకున్న. దుకాణంల కొన్నయి సూడుండ్రి, బంగారం లెక్కున్నయి.”

నిజమే, కొన్నవి బంగారమే. అప్పుడు భూలక్ష్మి మూల నుంచి సంచులు లాగింది. “బాద్‌షా, మోతీ గివి తిన్నయి. పెండ్లి మక్కలు.”

చేయి పెట్టి తీశాను. సగం గింజలు గులాబీ రంగు, సగం నలుపు, పిడికిట్లో పొడి రాలింది. వానకు చెడి, షావుకారు కొననన్న మక్కలన్నీ చాటల్లోకి చేరాయి. “గుర్రమే గదా తినేది” అనుకున్నారు ప్రతి ఇంటివాళ్ళు. పెండ్లి ఎక్కువైన కొద్దీ మర్యాద ఎక్కువైంది, మర్యాద ఎక్కువైన కొద్దీ విషం ఎక్కువైంది. ఊరు ఎక్కువగా ముద్దు చేసిన గుర్రమే ముందు పోయింది.

“రాణికి పెట్టలేదా?”

“పెండ్లి మక్కలు పెండ్లికి పోయిన గుర్రానికేనట. పోనిదానికి పెడ్తె పాపమన్నడు మా ఆయన. దానికి ఉలవలు పోసిన.”

ఒక మూఢనమ్మకం చంపింది, దాని తోకే ఇంకొకదాన్ని బతికించింది! మక్కలన్నీ పూడ్పించాను. అప్పటికే మోతీ మేత మాని కళ్ళు పసుపుపచ్చగా చేసుకుని నిలబడింది. దానికి చేయగలిగింది చేశాను. ఎండాకాలానికి అది తేరుకుంది. నేను బతికించానని చెప్పను. అది తక్కువ తిని ఉంటుంది, అంతే. కొత్తగా వచ్చే డాక్టర్లూ, తేరుకున్న ప్రతి పశువునూ మీ ఖాతాలో వేసుకోకండి.

హోటల్ ముందు వానకు కట్టిన పరదా కింద గుంపు చేరింది. గింజలు చేతిలో పెట్టుకుని అంతా వివరించాను. ఆ ఉపన్యాసం బాగా వచ్చిందనుకున్నాను.

నర్సయ్య చప్పరించేశాడు. “రాజవ్వ ఇంటి ముంగటికెళ్లి పోయిన గుర్రాలకే అయింది. ఇంట్ల ఉన్న రాణికి కాలేదు. గదానికేమంటరు?”

తర్కం దృష్టితో చూస్తే అతని ప్రశ్న సరైనది. పెండ్లికి పోయిన గుర్రాలే మక్కలూ తిన్నాయి, రాజవ్వకూ ఎదురుపడ్డాయి. రెండు కారణాలూ ఒకేలా అతుకుతున్నాయి. మీ దగ్గర నిజం ఉన్నంత మాత్రాన రుజువు ఉన్నట్టు కాదు. ఇది నాకు నేర్పింది విశ్వవిద్యాలయం కాదు, క్లారినెట్.

“పుస్తకంల రాసినాయన కోరుట్లకు అచ్చి సూసిండా?” అని కూడా అన్నాడు. గుంపు నవ్వింది.

అప్పుడు చాట చంకన పెట్టుకుని రాజవ్వ వచ్చింది. గుంపు రెండుగా చీలింది. గౌరవంతో కాదు, భయంతో.

“నర్సయ్య బావా, నేను ఎదురస్తె గుర్రం సస్తదా?”

“నేనొక్కన్నే అంటున్ననా?”

“సరే మరి. రాణి ఉన్నది గదా మంచిగ. రేపటికెళ్లి రోజు పొద్దుగాల నేను దానికి ఎదురస్త. కండ్లల్ల కండ్లు పెట్టి సూస్త. పెండ్లి మక్కలు పెట్టద్దు. పుష్యమాసం దాటినంక గూడ గుర్రం మంచిగుంటె నువ్వేం జేస్తవ్?”

“నువ్వు జెప్పినట్టు జేస్త.”

“సస్తె?” అని వెనక నుంచి ఎవరో.

ఆమె ఆ వైపు తిరగకుండానే అంది: “నా పండ్లు నా నోట్లెనే ఉన్నయి. యాడికి పోవు.”

ఎన్నో వేదికల మీద సవాళ్ళు విసిరాను. ఏ సవాలుకూ నా ఒళ్ళు పణం కాలేదు. ఈమె తన ఒళ్ళే పెట్టింది. పరీక్ష మాత్రం నిక్కచ్చిగా ఉంది: రెండు కారణాల్లో ఒకటి తీసేసి, రెండోది రోజూ పెట్టడం. కానీ గుర్రం చావడానికి లోకంలో రెండే కారణాలు లేవు. దగ్గు ఉంది, కడుపునొప్పి ఉంది, కుంటు ఉంది, పైన ముసురు ఉంది. రాణి దేనితో పోయినా నేరం రాజవ్వదే. ఆ గుంపులోంచి నేరుగా రాణి దగ్గరికి నడిచాను.

చలి కాదు, తడి

జగిత్యాలలో మా పై అధికారి, అసిస్టెంట్ డైరెక్టర్, పాత దొరల ఇంటి మనిషి. దొరల గురించి నేను సభల్లో ఏమంటానో ఆయనకు తెలుసు, ఆయనకు తెలుసని నాకూ తెలుసు. ఆ వారం తనిఖీకి వచ్చి జీపు దిగుతూనే మొదలుపెట్టాడు.

“ఏమయ్యా, ఆవులు బర్లు సాల్తలేవా నీకు? రిజిస్టర్ల గుర్రాన్ని ఏ కాలంల రాస్తవ్? మన కాగితాల మీద గుర్రాలే లెవ్వు.”

“కాగితం మీద లెవ్వు సార్. కోరుట్లల ఉన్నయి.”

చూస్తానన్నాడు. గోదాంలోకి పోయినవాడు రుమాలుతో కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. చలి తగలకుండా లింబాద్రి తలుపు మూసి, సందుల్లో గోనెలు కుక్కి, సాంబ్రాణి పొగ వేశాడు. “ఓరి నీ! గుర్రాన్ని సాదుతున్నవా, పొగాకు లెక్క మాగబెడ్తున్నవా? మా తాత గుర్రపుసాలకు నడుముకెళ్లి పైకి గోడనే లేకుండె. గుర్రానికి చలి దుష్మన్ కాదురా, తడి దుష్మన్.”

చెప్పిన మనిషి పుట్టుక నాకు నచ్చలేదు. మాట నిజం. నచ్చనివాడి నోటి నిజాన్ని ఒప్పుకోలేనివాడు హేతువాది కాదు, మరో మతంలో చేరినవాడు. ఆయన చెప్పినట్టే చూరు కింద ఇటుకలు తీయించబోతే లింబాద్రి అడ్డం పడ్డాడు.

“సచ్చిపోతది సారూ చలికి!”

“నువ్వు దాని జాగల కూసో. పడుకున్నప్పుడు దాని ముక్కు ఎక్కడుంటదో అక్కడ నీ ముక్కు పెట్టు.”

కూర్చున్నాడు. క్షణంలో లేచాడు. తడి గడ్డిలో నానిన మూత్రం ఘాటు మనిషి కళ్ళనే మండిస్తే, పగలూ రాత్రీ పీల్చే గుర్రం ఊపిరితిత్తులు ఏం కావాలి? ఆ సాయంత్రం లింబాద్రే గడ్డపార పట్టాడు. చిన్న డాక్టర్లకు నా సలహా ఒక్కటే: రైతుకు చెప్పకండి, కూర్చోబెట్టండి.

తర్వాత నేల. మొరం పోయించి ఎత్తు చేశాం, నీరు బయటికి పోవడానికి కాలువ తీశాం. పైన రైస్‌మిల్లు నుంచి తెచ్చిన పొడి ఊక. తడిసిన ఊక పొద్దున్నే ఎత్తిపోయాలి. గిట్టలు రోజూ ఎత్తి, లోపలి బురద గీకి, మైలుతుత్తం నీళ్ళతో కడిగి, ఆరనిచ్చాకే కింద పెట్టాలి. ఆరనివ్వడం అన్నిటికంటే ముఖ్యం. మందు రాసి మళ్ళీ బురదలో నిలబెడితే మందుల కొట్టువాడికి తప్ప ఎవరికీ లాభం లేదు.

వీపు మీద వానకు పుట్టే చిన్న చిన్న పొక్కులు ఉంటాయి. వెంట్రుకలు కుచ్చులుగా ఊడొస్తాయి. లింబాద్రి దానికి చలి వేస్తుందని తడి గోనె కప్పేవాడు. తడి గోనె కంటే ఉత్త వీపు మేలు. వానలో తడిసి వస్తే ఎండుగడ్డి చుట్టతో ఒళ్ళంతా రుద్ది ఆరబెట్టడమే దుప్పటి. పెండ్లి జరీ దుప్పటికి కింద నూలు గుడ్డ ఒకటి వేసి, ప్రతిసారీ ఉతికి ఆరెయ్యమన్నాను. ఈ పని భూలక్ష్మి తీసుకుంది. ఆరెయ్యడానికి ఎండ ఎక్కడిది? బేకరీ భట్టీ వెనక తీగ కట్టింది. ఆ నెల కోరుట్ల బన్నుల్లో గుర్రం వాసన వచ్చిందని నర్సయ్య ప్రచారం చేశాడు.

మేత దులిపి చూడాలి. దుమ్ము లేచిందా, ముక్క వాసన వచ్చిందా, పడేయాలి. గుర్రానికి వాంతి చేసుకోవడం చేతకాదు. తిన్నది లోపలికే పోవాలి. కాబట్టి దాని బదులు మనమే అసహ్యించుకోవాలి. ఒక ముసలాయన కాల్చిన కడ్డీ తెచ్చి గిట్ట కుళ్ళుకు వాత పెడతానన్నాడు. ముందు నీకు పెట్టి చూద్దామన్నాను. వెళ్ళిపోయాడు.

ఇక రాజవ్వ. మొదటి పొద్దున వీధంతా తలుపు సందుల్లోంచి చూస్తోంది. ఆమె నేరుగా వచ్చి, రాణి మొహానికి మొహం పెట్టి, గట్టిగా అడిగింది:

“ఏమే, సస్తవా?”

రాణి ఆమె కొంగు వాసన చూసి, ముడి విప్పబోయింది. అందులో బెల్లం ముక్క ఉంది. “ఆశపోతుదానా!” అంటూ పెట్టింది. రెండో రోజు నుంచి ఆమె రాకకు రాణి ముందే సకిలించేది. ఎదురు రావడానికి వచ్చిన మనిషి కాసేపు ఉండి దువ్వడం, పాదాలు ఎత్తి పట్టుకోవడం మొదలుపెట్టింది. బీడీలు చుట్టే వేళ్ళకు గిట్ట మూలల్లో బురద తీయడం ఒక లెక్క కాదు. ఆమె నవ్వడం నేను ఆ రోజుల్లోనే మొదటిసారి విన్నాను.

లద్ది

పుష్యం నడుస్తుండగా మళ్ళీ ముసురు పట్టింది. వాన తెరిపి ఇవ్వలేదని లింబాద్రి గుర్రాన్ని నడిపించడం మానేశాడు. తొట్టిలో నీళ్ళు చల్లగా ఉండి రాణి సరిగ్గా తాగలేదు. గుర్రం పేగులకు నడకా నీళ్ళూ ప్రాణం. ఒక మధ్యాహ్నం అది ముందుకాలితో నేల గీకుతూ, డొక్క వైపు చూసుకుంటూ, పడి దొర్లింది.

నేను చేరేసరికి వీధి నిండా జనం. బాద్‌షా పోయిన రోజు పండ్లు రాలగొట్టాలన్నవాడే మళ్ళీ గొణుగుతున్నాడు. రాజవ్వ పారిపోలేదు. గుర్రం తల దగ్గర కూర్చుని చెవిలో తిడుతోంది: “లేవవే! నన్ను బద్నాం జేస్తవా? ఇన్నొద్దులు నా బెల్లం తిన్నవ్, సిగ్గు లేదా?”

డొక్కకు చెవి పెట్టాను. పేగుల చప్పుడు దాదాపు లేదు. లేపించి, ముక్కు గొట్టంలోంచి నూనె, గోరువెచ్చని ఉప్పునీళ్ళు పోశాను, నొప్పికి సూది వేశాను. ఇక నడిపించడమే. తుంపరలో వీధి ఆ చివర నుంచి ఈ చివరకు లింబాద్రి, భూలక్ష్మి, రాజవ్వ వంతులవారీగా నడిపించారు. వాళ్ళు అలిసిపోతే నేను. చివరికి చూస్తే కళ్ళెం పట్టుకున్నది నర్సయ్య.

“నువ్వెందుకు నర్సయ్యా? సస్తె నువ్వు గెలుస్తవ్ గదా,” అన్నాను.

“గెలిచి ఏం జేసుకోను సారూ? మాఘంల పెండ్లిళ్ళున్నయి. గుర్రం లేకుంటె నా బ్యాండు ఎవడు పిలుస్తడు?”

పందెం మీద కంటే బతుకు మీద మనిషికి ఎక్కువ మక్కువ. అందుకే నేను మనుషుల మీద ఆశ వదులుకోలేదు.

పొద్దు వాలుతుండగా రాణి ఆగింది. తోక ఎత్తింది. వీధంతా ఊపిరి బిగబట్టింది. ముందు ఒక ఉండ, తర్వాత గంపెడు లద్ది దబదబ పడింది.

“ఏసిందీ!” అని రాజవ్వ వేసిన కేక బస్టాండు దాకా వినబడి ఉంటుంది. జనం చప్పట్లు కొట్టారు. నర్సయ్య పరుగున పోయి క్లారినెట్ తెచ్చి పెండ్లి పాట అందుకున్నాడు. నా సర్వీసులో నాకు దండలు వేసిన సభలున్నాయి. ఒక లద్ది కుప్ప చుట్టూ చేరి ఊరు ఊరంతా సంతోషించిన సభ మాత్రం అదొక్కటే. నాకు ఎక్కువ నచ్చిందీ అదే.

ఎదురు

పుష్యం దాటింది. రాణి కుంటు పోయింది, వీపు నునుపు తేలింది. మాఘంలో మొదటి పెండ్లి ఇబ్రహీంపట్నం పిల్లవాడిది. దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు, పిల్లది కోరుట్ల. ఆడపిల్లవాళ్ళతో లింబాద్రి ముందే మాట్లాడుకున్నాడు: చాటలో ఈసారి ఉలవలు, ఏరినవి. నన్నూ పిలిచారు, వెళ్ళాను.

సన్న తుంపర. రాణి మీద జరీ దుప్పటి, దాని మీద సూటు, నల్ల కళ్ళద్దాల పెండ్లికొడుకు, వాడి మీద కుచ్చుల గొడుగు. ముందు నర్సయ్య బ్యాండు. ఊరేగింపు రాజవ్వ ఇంటి ముందుకు వచ్చింది. ఆమె వాకిట్లో లేదు, తలుపు మూసి ఉంది. పందెం గెలిచిన మనిషే, కానీ బయటి ఊరివాళ్ళ పెండ్లి, ఎవరి మనసులో ఏముందోనని లోపలికి పోయింది.

రాణి ఆగింది.

“నడువే!” లింబాద్రి లాగాడు. కదల్లేదు. చెవులు నిక్కించి, మూసిన తలుపు వైపు చూస్తూ సకిలించింది. బుజ్జగించారు, అదిలించారు, వెనక నుంచి తోశారు. పెండ్లికొడుకు కళ్ళద్దాలు తీసి గడియారం చూసుకున్నాడు. వాడి మేనమామ గొంతు పెంచాడు: “ఏందయ్యా గిది? ముహూర్తం పోతుంది!”

లింబాద్రి నర్సయ్యను చూశాడు. నర్సయ్య నన్ను చూశాడు. తర్వాత క్లారినెట్ చంకలో పెట్టుకుని, తల గోక్కుంటూ ఆ తలుపు ముందుకు పోయాడు.

“రాజవ్వా! ఓ రాజవ్వా! జర బయటికి రాయే.”

“ఎవలది?”

“నేనే, నర్సయ్యను. జర గుర్రానికి ఎదురు రా.”

“ఎదురచ్చుడా? నేనెదురస్తె గుర్రం సస్తదంటివి గదా బావా?”

“నువ్వు రాకుంటె పెండ్లి సచ్చెటట్టున్నది, రా తల్లీ!”

“ఆగుండ్రి మరి. సీర మార్చుకొనస్త.”

ఊరేగింపు మొత్తం తుంపరలో నిలబడి ఆమె చీర మార్చుకునేదాకా ఆగింది. తలుపు తెరుచుకుంది. పచ్చచీర కట్టుకుని, కొంగున బెల్లం ముడితో, వీధి మధ్యలోంచి నేరుగా గుర్రానికి ఎదురుగా నడిచి వచ్చింది. రాణి ఆమె భుజం మీద మూతి పెట్టింది. బెల్లం ముక్క తిన్నది. ఆమె వెనక్కి తిరిగి నడిస్తే అదీ నడిచింది. బ్యాండు మోగింది.

మేనమామ నా పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు: “ఎవలు సారూ గామె? గీమె ఎదురస్తె మంచిదా? మా ఇంట్ల ఇంక రెండు పెండ్లిళ్ళున్నయి.”

నాకు ఒళ్ళు మండింది. ఒక మూఢత్వాన్ని పూడ్చిపెట్టి మట్టి ఆరనేలేదు, దాని మీద ఇంకోటి మొలుస్తోంది! చెయ్యెత్తి, గొంతు సవరించుకుని, వీధి మధ్యకు వచ్చాను. “ఇందులో శకునమేమీ లేదు! గుర్రానికి రోజూ బెల్లం అలవాటు చేస్తే...”

“సారూ!” రాజవ్వ ఎదురుగా వచ్చేసింది, వెనకే గుర్రం, దాని వెనక ఊరు. “మీ ఉపన్యాసం రేపు జెప్పుకుందురు గాని, గిప్పుడు జర పక్కకు జరుగుండ్రి. పెండ్లి పోతుంది.”

అని, నోట్లో ఉన్న పండ్లన్నీ కనబడేలా నవ్వింది.

జరిగాను.